అమ్మ పక్కన కూర్చుని లోక్‌సభ చూసిన రోజు

2023 సెప్టెంబర్ 20, బుధవారం. ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి పొద్దున పదకొండు నుంచి రాత్రి దాకా టీవీ ముందు కూర్చున్నాను. అమ్మ వినాయక చవితికి బెంగళూరు హూడిలోని మా ఫ్లాట్‌కు వచ్చి ఉంది. ముందు రోజు సాయంత్రం వార్తల్లో, కొత్త పార్లమెంటు భవనంలో మొదటి బిల్లుగా, లోక్‌సభ, అసెంబ్లీ సీట్లలో మూడో వంతు ఆడవాళ్లకు ఇచ్చే మహిళా రిజర్వేషన్ బిల్లు పెట్టారని విన్నప్పటి నుంచి ఆమె మనసు మనసులో లేదు. "రేపు మాట్లాడతారంట కదా. నువ్వు పక్కన కూర్చుని నాకు తెలుగులో చెప్పల్ల" అంది. అమ్మకు హిందీ రాదు, ఇంగ్లీషు అక్షరాలు మాత్రం కూడబలుక్కుంటుంది.

ఆమె ఎందుకు అడిగిందో నాకు తెలుసు. 1995లో మా ఊరి సర్పంచ్ పదవి బీసీ మహిళకు రిజర్వ్ అయింది. పంచాయతీల్లో ఆడవాళ్లకు సీట్లు కేటాయించిన 73వ రాజ్యాంగ సవరణ వచ్చాక ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన తొలి పంచాయతీ ఎన్నికలవి. అమ్మ గెలిచింది. గెలిచాక మొదటిసారి ఒక ఆఫీసుకు వెళ్తే, అక్కడి పెద్దమనిషి బయట మెట్ల మీద కూర్చున్న మా నాన్నను లోపలికి పిలిచి కుర్చీ వేశాడట, అమ్మను నిలబెట్టి మాట్లాడాడట. రెండోసారీ అంతే. మూడోసారి అమ్మ "సర్పంచ్‌ని నేను సార్" అని చెప్పి తీర్మానాల పుస్తకం తన ముందుకు లాక్కుని సంతకం పెట్టింది. ఆ సంతకం నేను చూశాను. నీలం ఇంకుతో, అక్షరాలు విడివిడిగా, చివరి అక్షరం గీత దాటి కిందికి జారి ఉంటుంది. ఐదేళ్లలో ఆ గీత లోపలికి వచ్చేసింది.

ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయం లేదు కాబట్టి సభ మొదలైన కాసేపటికే బిల్లు మొదలైంది. న్యాయశాఖ మంత్రి అర్జున్ రామ్ మేఘ్వాల్ బిల్లును పరిశీలనకు తీసుకోవాలని కోరారు. ప్రతిపక్షం నుంచి సోనియా గాంధీ ముందు మాట్లాడారు. మద్దతిస్తున్నాం, కానీ వెంటనే అమలు చేయండి, కులగణన చేసి బీసీ మహిళలకు కూడా కోటా ఇవ్వండి అన్నది ఆమె మాటల సారం. "వెంటనే అంటుందేంది? ఇప్పుడు ఓటేస్తే రేపు రాదా?" అంది అమ్మ. నా దగ్గర జవాబు లేదు. వార్తల్లో మూడో వంతు అన్న ముక్క తప్ప నేనూ ఏమీ చదవలేదు. సిగ్గనిపించింది. లోక్‌సభ వెబ్‌సైట్ నుంచి బిల్లు దింపుకున్నాను. కొద్ది పేజీల కాగితం, ఓపిక పడితే ఎవరికైనా అర్థమవుతుంది.

ఆ తర్వాత చాలామంది ప్రసంగాలు, ఈ బిల్లు మొదట తెచ్చింది మేమంటే మేమని. వాటిని నేను రెండేసి ముక్కల్లో చెప్పి దాటేశాను. డీఎంకే ఎంపీ కనిమొళి మాటలు మాత్రం ఆపి ఆపి చెప్పాల్సి వచ్చింది. మమ్మల్ని పూజించడం మానేసి సమానులుగా చూడండి అని ఆమె అన్నప్పుడు అమ్మ "ఇంకోసారి చెప్పు" అంది. చెప్పాను. గోంగూర ఆకులు తుంచుతున్న చెయ్యి ఆగిపోయింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫోన్‌ను స్టీలు గ్లాసుకు ఆనించి, అన్నం తింటూ చూశాం. అప్పుడే అమ్మకు వెనకటి కథ చెప్పాను. ఇదే బిల్లును 1996 సెప్టెంబర్ 12న దేవెగౌడ ప్రభుత్వం మొదటిసారి లోక్‌సభలో పెట్టింది. కర్ణాటకలోని హాసన్ జిల్లా మనిషి ప్రధానిగా ఉండగా. గీతా ముఖర్జీ అధ్యక్షతన కమిటీ వేశారు, ఆ ఏడాది డిసెంబర్‌లోనే నివేదిక వచ్చింది. ఆ సభ రద్దయితే బిల్లూ పోయింది. 1998లో మళ్లీ పెట్టబోతే సభలోనే కాగితాలు లాక్కుని చించేశారు. 2010 మార్చి 9న రాజ్యసభ 186 ఓట్లతో ఆమోదించింది, వ్యతిరేకంగా ఒక్కటే పడింది. లోక్‌సభ దాన్ని చేపట్టనే లేదు, 2014లో సభ గడువుతో అదీ చెల్లిపోయింది. అమ్మ వేళ్ల మీద లెక్కేసింది. "నేను సర్పంచ్ అయిన మరుసటేడు మొదలైందా ఇది!" అంది. నిజమే, ఆమె పదవి ముగిసి, మా నాన్న పోయి, నేను ఉద్యోగంలో స్థిరపడ్డాక కూడా అది అక్కడే ఉంది.

మధ్యాహ్నం తర్వాతి చర్చలో అసలు విషయం బీసీ మహిళలది. లోక్‌సభలో ఎస్సీలకు 84, ఎస్టీలకు 47 సీట్లు రిజర్వ్ అయి ఉన్నాయి. బిల్లు ప్రకారం వాటిలోనూ మూడో వంతు ఆ వర్గాల మహిళలకే వెళ్తుంది. బీసీలకు లోక్‌సభలో రిజర్వేషనే లేదు కాబట్టి వాళ్ల మహిళలకు విడిగా ఏమీ లేదు. రాహుల్ గాంధీ అందుకే ఈ బిల్లు అసంపూర్ణం అన్నారు. అసదుద్దీన్ ఒవైసీ బీసీ, ముస్లిం మహిళలకు వాటా లేదంటూ నేరుగా వ్యతిరేకించారు. నేను బిల్లు కావాలనే దాన్నే, కానీ ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయలేకపోయాను. నా పక్కన కూర్చున్న మనిషి బీసీ మహిళ అన్న ఆ రెండు మాటల వల్లే సర్పంచ్ కుర్చీలో కూర్చుంది. ఉత్త మహిళ అని ఉంటే ఆ సీటు ఊళ్లో ఎవరింటికి పోయేదో ఇద్దరికీ తెలుసు. అమ్మ మాత్రం "ముందు తలుపు తీయనీ. లోపలికి పోయినాక అడుగుతారులే" అంది. ఈ విషయంలో మేమిద్దరం ఆ రోజూ ఒప్పుకోలేదు, ఇవాళ్టికీ ఒప్పుకోలేదు.

చర్చ దాదాపు ఎనిమిది గంటలు నడిచింది. సాయంత్రం ఏడు దాటాక ఓటింగ్. నాకు ఆ రోజంతటిలో గుర్తుండిపోయింది ఇదే.

మామూలు బిల్లయితే స్పీకర్ అడుగుతారు, అవుననేవాళ్లు అవునంటారు, కాదనేవాళ్లు కాదంటారు, మూజువాణితో అయిపోతుంది. రాజ్యాంగ సవరణకు అలా కుదరదు. 368వ అధికరణం రెండు లెక్కలు అడుగుతుంది. సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించి మద్దతు ఉండాలి, అంటే 543కు కనీసం 272. అదీగాక ఆ రోజు సభలో ఉండి ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది అవునని ఉండాలి. బిల్లును పరిశీలనకు తీసుకోవడానికి, ఒక్కో క్లాజుకు, చివర మొత్తం బిల్లుకు, అన్ని చోట్లా ఇదే కొలత. లాబీలు ఖాళీ చేయించి తలుపులు మూసేస్తారు. ఓటు చేతుల్లెత్తి లెక్కపెట్టేది కాదు, ఎవరు ఎటు వేశారో రికార్డుకు ఎక్కాలి.

కొత్త భవనంలో ఆ రోజు కాగితం స్లిప్పులే పంచారు. ఆకుపచ్చ అయితే అవును, ఎరుపు అయితే కాదు. స్లిప్పు మీద పేరు రాసి సంతకం పెట్టాలి. టీవీలో వందల మంది తలలు వంచుకుని రాస్తున్నారు. పెన్ను కోసం జేబులు తడుముకునేవాళ్లు, పక్కవాళ్ల బల్ల మీదికి ఒరిగినవాళ్లు. అంతసేపు అరుచుకున్న సభలో ఒక్కసారిగా పరీక్ష హాలు లాంటి నిశ్శబ్దం.

"అందరూ సంతకం పెట్టల్లనా?" అంది అమ్మ.

"అవునమ్మా."

"మంత్రులు కూడానా?"

"లోక్‌సభ సభ్యులైన మంత్రులు ఓటేయాలంటే పెట్టాల్సిందే."

ఆమె టీవీకి దగ్గరగా జరిగి కింద కూర్చుంది. లెక్క తేలేదాకా నాకు కడుపులో ఒకటే టెన్షన్. దాదాపు పార్టీలన్నీ మద్దతని ముందే చెప్పాయి, ఓడిపోదని తెలుసు, అయినా సరే. ఇరవై ఏడేళ్లుగా అంచు దాకా వచ్చి జారిపోయింది మరి. అనుకూలం 454, వ్యతిరేకం 2 అని స్పీకర్ ఓం బిర్లా చదివారు. ఓటేసింది 456 మంది, అందులో మూడింట రెండు వంతులంటే 304. ఆ లెక్క నేను చెప్పేలోపే అమ్మ కళ్లు తుడుచుకుంది.

రాత్రి భోజనాలయ్యాక పొద్దుటి ప్రశ్న మళ్లీ వచ్చింది. "మరి ఎప్పుడు వస్తాది?" ఈసారి కాగితం చూసి చెప్పాను. 334ఏ అధికరణం. ఈ చట్టం మొదలయ్యాక జరిగే తొలి జనగణన లెక్కలు ప్రచురించాలి, ఆ లెక్కల మీద నియోజకవర్గాల పునర్విభజన జరగాలి, ఆ తర్వాతే రిజర్వేషన్. గడువు పదిహేనేళ్లు, ఆపైన పార్లమెంటు పొడిగిస్తే ఉంటుంది. ఎన్నికలయ్యాక వచ్చే ప్రభుత్వం ఈ పనులు చేస్తుందని అమిత్ షా చర్చలో చెప్పారు. అంటే 2024 ఎన్నికలకు లేదు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. అన్ని సంతకాలు పెట్టించుకున్న కాగితానికి తేదీ ఉండాలి కదా.

మరుసటి రోజు అమ్మ ఊరికి బస్సెక్కింది. ఆ రాత్రి రాజ్యసభలో 214 మంది అనుకూలం, వ్యతిరేకం సున్నా. ఫోన్ చేసి అంకె చెప్పాను. వారం తిరగ్గానే, సెప్టెంబర్ 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము సంతకంతో అది 106వ సవరణ చట్టమైంది. 2024 ఎన్నికల్లో లోక్‌సభకు 74 మంది మహిళలు గెలిచారు, 2019లో గెలిచిన 78 కంటే తక్కువ. ఆ అంకె కూడా అమ్మే అడిగి రాసుకుంది.

ఊళ్లో ఆమె పొదుపు సంఘం ఆడవాళ్లు బిల్లులో ఏముందో అడిగారంటే, ఒక ఆదివారం కూర్చుని ఆ పేజీలన్నీ తెలుగులో రాసి పంపాను. నియోజకవర్గాల పునర్విభజన అన్న చోట బ్రాకెట్ పెట్టి, ఎంపీ సీట్ల హద్దులు మళ్లీ గీయడం అని రాశాను. సంఘం మీటింగ్‌లో అమ్మే చదివి వినిపించిందట. చదివాక వాళ్లు అడిగిన మొదటి ప్రశ్నను ఫోన్లో నాకు చేరవేసింది. "మన హిందూపురం సీటు ఆడోళ్లకు వస్తాదా?"

ఏ సీటు వస్తుందో ఇప్పుడే చెప్పలేం, పునర్విభజన జరిగిన ప్రతిసారీ ఆ సీట్లు మారుతూ ఉంటాయి, కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు రావచ్చు అని చెప్పాను. "అయితే అట్లనే చెప్తా ఉండు" అని, ఫోన్ పెట్టకుండానే లోపలికి కేక వేసింది.