గువ్వలచెరువు ఘాటు దాటినాక

కడపలో పొద్దున్నే రాయచోటి బస్సెక్కితే ఎండ ముదరకముందే గువ్వలచెరువు ఘాటు దాటిపోతాం. ఘాటు దగ్గర పాలకోవా అంగళ్ళు. కువైట్ పోయేవాళ్ళ పెట్టెలో ఈ కోవా, పక్కనే ఎర్రకారం పొట్లం ఉండాల్సిందే. మేము మాత్రం పెట్టెలో పోయినవాటి కోసం రాలేదు, ఇంట్లో మిగిలిన కాగితాలు చూడ్డానికి వచ్చినాం. అక్కడ ఆపద వస్తే మనిషిని వెతికి పట్టుకోవాల్సింది వాటితోనే.

రెండు రోజులు పల్లెల్లో తిరిగితే ఎక్కువ ఇళ్ళల్లో దొరికింది ఒకటే: పాస్‌పోర్టు మొదటి పేజీ జిరాక్సు. ఊరి చిరునామా, తల్లిదండ్రుల పేర్లు ఉండేది చివరి పేజీలో. అది లేదు.

వీసా కాగితం ఉంటే ముందు చూడాల్సింది ఆర్టికల్ నంబరు. 18 అంటే కంపెనీ పని. 20 అంటే ఇంటిపని, మనవాళ్ళు ఖద్దామా వీసా అంటారు. అంగట్లో పని అని ఏజెంటు ఎంత చెప్పినా, 20 ఉంటే ఆమె ఒక ఇంటి కఫీలుకు, అంటే వీసా ఇచ్చిన యజమానికి, కట్టుబడినట్టే. కొట్టినా, జీతం ఎగ్గొట్టినా, ఆమె గడప దాటితే కఫీలు పరారీ కేసు పెడతాడు. అకామా, అంటే అక్కడ ఉండేదానికి ఇచ్చే అనుమతి, పోతుంది. దెబ్బలు తిన్న మనిషే నేరస్తురాలైపోతుంది.

2015లో అక్కడ ఇంటి పనివాళ్ళకు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించని పని, వారానికో సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. మరుసటి ఏడాది కనీస జీతం నెలకు 60 దీనార్లని ఖరారు చేసినారు. ఇంత రాసున్నా జీతం దేశాన్ని బట్టే పలుకుతుంది. ఒకే వంటింట్లో ఫిలిప్పీన్స్ ఆమెకు మన ఆమె కంటే ఎక్కువ, ఆఫ్రికా ఆమెకు తరచూ ఇంకా తక్కువ. తోమే గిన్నెలు మాత్రం అవే. దీన్ని జాతివివక్ష అనక ఇంకేమనాలి?

కరోనా అప్పుడు ఇది బాహాటంగా బయటపడింది. 2020 ఏప్రిల్‌లో వలస కూలీలు కిక్కిరిసి బతికే జలీబ్, మహబూలా ప్రాంతాలను మూసేసినారు, జులై దాకా తెరవలేదు. గదికి ఎనిమిది, పది మందిని కుక్కి అద్దె తీసుకున్నప్పుడు ఎవరికీ పట్టలేదు. రోగం వచ్చినాక ఆ ఇరుకు మనవాళ్ళ తప్పైంది. పరాయి దేశస్తులను ఎడారిలోకి తోసేయమని పేరున్న నటి ఒకామె టీవీలోనే అన్నది. అదే నెలలో అకామా లేనివాళ్ళకు క్షమాభిక్ష ఇచ్చినారు. నమ్మి పేర్లు రాయించుకున్నవాళ్ళు శిబిరాల్లో వారాల తరబడి ఉండిపోయినారు, మన దేశం మార్చిలోనే విమానాలు ఆపేసింది కాబట్టి. మనవాళ్ళను తిరిగి తెచ్చే వందే భారత్ విమానాలు మొదలైంది మే 7న.

కాబట్టి ఇంటివాళ్ళు ఇప్పుడే దగ్గర పెట్టుకోవాల్సినవి: పాస్‌పోర్టు రెండు పేజీలు, వీసా, అక్కడి గుర్తింపు కార్డైన సివిల్ ఐడీ 12 అంకెల నంబరు, కఫీలు పేరు, ఫోను. చిరునామాలో ప్రాంతం, బ్లాకు, వీధి, ఇంటి నంబరు నాలుగూ ఉండాలి. 'సాల్మియాలో పెద్ద ఇల్లు' అని రాస్తే మన విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైటు మదద్ పోర్టల్లో పెట్టిన ఫిర్యాదు ముందుకు కదలదు, ఎంబసీవాళ్ళు ఏ గేటు తట్టాలి? అక్కడ ప్రతి ఇంటి గోడకూ ఒక పలక ఉంటుంది, దానిమీద ఎనిమిది అంకెల నంబరు. అదొక్కటి ఉన్నా ఇల్లు దొరుకుతుంది.

ఏజెంటుకు ఇచ్చిన డబ్బుకు రసీదు ఒక్క ఇంట్లోనూ కనపడలేదు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగ్గది 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతే. ముప్పై ఏళ్ళు నిండని ఆడబిడ్డను ఇంటిపనికి పంపడానికి మన ప్రభుత్వమే ఒప్పుకోదు. దొంగదారిన పోయిన బిడ్డకు ఆపదొస్తే, ఎక్కడుందో చెప్పే రికార్డు ఇక్కడా ఉండదు.

చివరి ఇంట్లో ఒక తల్లి మా ముందరే బిడ్డకు ఫోన్ చేసింది. "గోడమీద పలక ఉంటాదంట మ్మా, ఫోటో తీసి పంపు." పగలు తీస్తే మామా (ఇంటి యజమానురాలు) చూస్తుందని, రాత్రి చెత్త పడేయను పోయినప్పుడు తీస్తానన్నది ఆ పాప. మన టైము పదకొండుకు ఫోటో వచ్చింది. కొంచెం వంకరగా ఉంది గానీ ఎనిమిది అంకెలూ చదవొస్తున్నాయి.