ఎలక్ట్రిక్ బస్సులకు గ్రాంటు: దరఖాస్తు నుంచి డబ్బు చేతికందే దాకా నా అనుభవం

గ్రాంటు దరఖాస్తు అనగానే చాలామంది బస్సు ధర దగ్గర మొదలుపెడతారు. నేను డ్యూటీ షీటు దగ్గర మొదలుపెడతాను. ఏ బస్సు ఎన్నింటికి డిపో దాటుతుంది, డెడ్ కిలోమీటర్లతో (ప్రయాణికులు లేకుండా డిపోకీ రూటుకీ మధ్య తిరిగే దూరంతో) కలిపి రోజుకి ఎంత తిరుగుతుంది, మధ్యాహ్నం ఎంతసేపు ఖాళీగా ఉంటుంది, రాత్రి ఎప్పుడు లోపలికొస్తుంది అన్నవి తేలకుండా వేసిన బడ్జెట్ పరిశీలన దగ్గరే ఆగిపోతుంది.

బ్రోషర్‌లో ఉన్న రేంజ్‌ని నమ్మి లెక్కలు వేయొద్దు. 12 మీటర్ల బస్సుకి 300 యూనిట్ల బ్యాటరీ ఉందనుకోండి. పూర్తిగా నింపరు, పూర్తిగా ఖాళీ చేయరు కాబట్టి వాడుకోగలిగేది 80 శాతం, అంటే 240. ఏళ్లు గడిచి సామర్థ్యం 80 శాతానికి దిగితే మిగిలేది 192. ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో కిలోమీటరుకి 1.3 యూనిట్లు లాగితే 148 కిలోమీటర్ల దగ్గర బస్సు ఆగుతుంది. డ్యూటీ 200 కిలోమీటర్లయితే పెద్ద బ్యాటరీ కావాలి, లేదా మధ్యాహ్నం టెర్మినల్‌లో ఛార్జింగ్ కావాలి, లేదా అదనపు బస్సులు కావాలి. పెద్ద బ్యాటరీ అంటే బరువు, ఆ మేరకు ప్రయాణికులకు కోత. అదనపు బస్సుల మాటైతే దరఖాస్తుల్లో దాదాపు కనబడదు. 10 డీజిల్ బస్సుల పనికి 12 ఎలక్ట్రిక్ బస్సులు పట్టేట్టుంటే ముందే రాసేయడం మేలు, మంజూరయ్యాక సంఖ్య పెంచమంటే వినేవాళ్లుండరు.

ఇక కరెంటు. డబ్బూ సమయమూ ఎక్కువగా తినేది ఇదే. 50 బస్సులకు రాత్రికి తలా 220 యూనిట్లంటే 11,000. ఆరు గంటల్లో ఎక్కించాలంటే నష్టాలు వదిలేసినా సగటున 1.8 మెగావాట్లు. బస్సు వచ్చింది వచ్చినట్టు 60 కిలోవాట్ల ఛార్జింగ్ గన్ను తగిలించుకుంటూ పోతే లోడు 3 మెగావాట్లకు ఎగబాకుతుంది. వాడిన యూనిట్లతో పాటు గరిష్ఠ లోడుకి విడిగా వేసే డిమాండ్ ఛార్జీ పడేది ఆ శిఖరం మీదే. అందుకే వంతులవారీగా ఛార్జ్ చేసే సాఫ్ట్‌వేర్‌ని టెండర్‌లోనే పెట్టాలి. కొత్త ట్రాన్స్‌ఫార్మర్, ఫీడర్ లైను, కేబుల్ కందకాలు, షెడ్డు మార్పులు గ్రాంటు పరిధిలోకి వస్తాయో రావో మార్గదర్శకాల్లో ఒక్కో పదం చదివి చూసుకోవాలి. చాలా పథకాలు బస్సుకీ ఛార్జర్‌కీ ఇస్తాయి, గేటు బయటి లైనుకి ఇవ్వవు. కరెంటు సంస్థ నుంచి లోడు మంజూరు లేఖ చేతికి రాకముందే బస్సుల ఆర్డరు పెడితే అవి యార్డులో నిలబడే ఉంటాయి, వారంటీ కాలం మాత్రం నడిచిపోతుంటుంది. వాటికి డీజిల్ జనరేటర్‌తో ఛార్జింగ్ పెట్టడమంత విడ్డూరం ఇంకోటి లేదు.

పర్యావరణ లాభం రాసేటప్పుడు పొగగొట్టం లెక్కా, కార్బన్ లెక్కా వేరుగా చూపించాలి. లీటరు డీజిల్‌కి 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకి 3.5 కిలోమీటర్లిచ్చే బస్సుకి అది కిలోమీటరుకి 0.77 కిలో. యూనిట్‌కి 0.7 కిలో వదిలే బొగ్గు కరెంటు మీద 1.3 యూనిట్లు లాగే బస్సుది 0.91. వీధిలో పొగ పోతుంది, కార్బన్ తగ్గదు. అలాంటి గ్రిడ్ ఉన్నచోట సౌర విద్యుత్ ఒప్పందం జతచేయకపోతే ‘సున్నా ఉద్గారాలు’ అన్న మాట మొదటి ప్రశ్నకే కూలిపోతుంది.

సొంతంగా కొనే స్థోమత లేనప్పుడు చిలీ రాజధాని శాంటియాగో పద్ధతి చూడదగ్గది. అక్కడ విద్యుత్ కంపెనీలు బస్సులు కొని ఆపరేటర్లకు లీజుకిచ్చాయి. ఏ పద్ధతిలోనైనా అప్పిచ్చేవాళ్లు ముందు అడిగేది నెలనెలా చెల్లింపుకి హామీ. టికెట్ డబ్బు నేరుగా ఎస్క్రో ఖాతాలో (ముందే ఒప్పుకున్న చెల్లింపులకే వాడేలా మూడో పక్షం చేతిలో ఉండే ఖాతాలో) పడే ఏర్పాటుంటే వడ్డీ దగ్గర బేరమాడొచ్చు. ఆపరేటర్‌కి తిరిగిన కిలోమీటర్లను బట్టి చెల్లించే కిలోమీటరు రేటు ఒప్పందమైతే కనీస కిలోమీటర్ల హామీ, కరెంటు రేటు పెరిగితే ఎవరు భరించాలన్నది, ఏడెనిమిదేళ్లకు బ్యాటరీ మార్పు ఖర్చు ఎవరిదన్నది రాతలో ఉండాలి.

మంజూరయ్యాక కూడా డబ్బు వెంటనే రాదు. చాలా గ్రాంట్లు ముందు ఖర్చు పెట్టి తర్వాత క్లెయిమ్ చేసుకునేవే, కాబట్టి మధ్యలో నడపడానికి తాత్కాలిక రుణం ఖర్చు కూడా బడ్జెట్‌లో కలపాలి. క్లెయిమ్‌లు ఆగేది చిన్నవాటి దగ్గరే: ఇన్‌వాయిస్‌లో ఛాసిస్ నంబరు రిజిస్ట్రేషన్‌తో కలవకపోవడం, గ్రాంటు ఒప్పందం తేదీకి ముందే అడ్వాన్సు కట్టేయడం. రెండోదానికి సాధారణంగా సవరణ ఉండదు, ఆ మొత్తం అర్హత లేని ఖర్చు కిందకే పోతుంది.