గిట్టుబాటు కాని కార్లు

బర్మింగ్‌హామ్‌లో నేను పనిచేసే బాడీ షాపులో ప్రతి బండికీ ముందు లెక్క కడతారు. బాగు చేయడానికి ఎంతవుతుంది, బాగయ్యాక ఎంత పలుకుతుంది? ఖర్చు ఎక్కువని తేలితే ఇన్సూరెన్స్ వాళ్లు ఇక పనికిరాదని రాసేస్తారు. పనివాళ్ల కూలి ఇక్కడ అంత ఎక్కువ. విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ నేర్చుకున్న నాకు మొదట్లో ఇది మింగుడు పడలేదు. అక్కడ ఎంత నుజ్జయిన బండినైనా కొట్టి, అతికి, రంగేసి పంపేవాళ్లం.

అందుకే 'కార్ ఎస్ఓఎస్' అంటే నాకు ప్రాణం. పాడైపోయిన పాత కార్లను బాగుచేసి ఇచ్చే టీవీ కార్యక్రమం ఇది, బ్రిటన్‌లో 2013లో మొదలైంది. ఫజ్ టౌన్‌షెండ్ షెడ్డులో పని చూస్తాడు, టిమ్ షా విడిభాగాల కోసం తిరిగి బేరాలాడతాడు. ఫజ్ ఒకప్పుడు పాప్ విల్ ఈట్ ఇట్‌సెల్ఫ్ అనే బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించేవాడు. జబ్బు పడో, ఇంట్లో మనిషిని పోగొట్టుకునో పాత కారును పట్టించుకోలేకపోయినవాళ్ల గురించి ఇంట్లోవాళ్లు రాస్తారు. ఓనరుకు తెలియకుండా బండి షెడ్డుకు చేరుతుంది. ఎక్కువగా వచ్చేవి మినీలు, ఫోర్డులు, ట్రయంఫ్‌ల లాంటి మామూలు మనుషుల బళ్లే. ఖరీదైన కారుకు డబ్బు పెట్టేవాళ్లు ఎలాగూ దొరుకుతారు. మోరిస్ మైనర్‌కు ఎవరు పెడతారు?

1948లో వచ్చిన మోరిస్ మైనర్, పది లక్షలకు పైగా తయారైన మొదటి బ్రిటిష్ కారు. నర్సులూ పోలీసులూ అందులో తిరిగారు. దాని అన్న మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మన దగ్గర అంబాసిడర్ అయి 2014 దాకా తయారైంది. అందుకేనేమో, మైనర్‌ను చూస్తే నాకు పరాయి బండి అనిపించదు.

ఈ కార్లను తినేసేది ఉప్పు. చలికాలంలో మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద చల్లుతారు. తలుపుల కింద ముందు నుంచి వెనక్కి ఉండే సిల్స్ అనే బోలు రేకు దూలాల్లోకి ఆ ఉప్పునీరు చేరుతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అప్పడంలా విరుగుతుంది. 2018 నుంచి 40 ఏళ్లు దాటిన కార్లకు ఏటా చేసే ఎంఓటీ అనే భద్రతా తనిఖీ తప్పనిసరి కాదు కాబట్టి, కిందికి దూరి చూసేవాళ్లు కూడా తగ్గారు.

మైనర్‌కు విడిగా ఛాసిస్, అంటే కింద బరువు మోసే చట్రం, లేదు; బరువు మోసేవాటిలో సిల్స్ ముఖ్యం. వాటిని కోసే ముందు తలుపు సందులో ఇనప రాడ్లు అడ్డంగా అతికించాలి. లేకపోతే బాడీ కుంగిపోయి తలుపు మళ్లీ పట్టదు. పల్చటి రేకును ఏకబిగిన వెల్డ్ చేయకూడదు, వేడికి వంకర పోతుంది. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టి చల్లారనివ్వాలి. రోజుల తరబడి సాగే ఈ పని టీవీలో నిమిషాల్లో అయిపోతుంది. బాగైన బండిని చూసి ఓనరు కళ్లనీళ్లు పెట్టుకోవడం చూపించాల్సిందే, నాకూ గొంతు పట్టేస్తుంది. కానీ ఆ చుక్కలు పెట్టిన చేతుల్ని ఇంకాస్త సేపు చూపిస్తే బాగుండు. ఆయన అంతగా ఏడ్చేలా చేసింది ఆ ఓపికే.

ఈమధ్య ఒకావిడ తన తండ్రి మోరిస్ మైనర్‌ను మా షాపుకు తెచ్చింది. పక్షవాతం వచ్చాక ఆయన దాన్ని ముట్టలేదట. రెండు సిల్సూ పోయాయి, డ్రైవర్ సీటు కింద నేల కనబడుతోంది. మా వాళ్లు చెప్పిన ఖర్చు కారు ధరను మించిపోయింది. ఆవిడ మాట్లాడకుండా కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. బయటికొచ్చాక నేనే వెళ్లి ఆ కార్యక్రమం వాళ్లకు రాయమని, నాన్నగారికి మాత్రం చెప్పొద్దని చెప్పాను. తుప్పు పట్టిన చోట్లన్నీ దగ్గర్నుంచి ఫొటోలు తీసిచ్చాను. వాళ్లు ఎంచుకోకపోతే ఆదివారాలు నేనే వచ్చి సిల్స్ వేస్తానన్నాను. రేకు, గ్యాస్ ఖర్చు తను పెట్టుకుంటానంది.