గార్లాక్ మీద సన్న గీత

2019 జులైలో రిడ్జ్‌క్రెస్ట్ భూకంపాలు వచ్చేనాటికి నేను పీహెచ్‌డీ రెండో ఏడు. 4వ తేదీ ఉదయం 6.4 తీవ్రతతో ఒకటి, మర్నాడు రాత్రి 7.1తో ఇంకోటి. మధ్యలో 34 గంటలు. కాలిఫోర్నియాలో అంత పెద్దది రావడం 20 ఏళ్లలో అదే మొదలు. మా ల్యాబ్‌లో అందరిదీ ఒకటే టెన్షన్: నేలను రాడార్‌తో చిత్రించే సెంటినెల్-1 ఉపగ్రహం మళ్లీ మీదుగా ఎప్పుడు వెళ్తుంది?

ఆ ఉపగ్రహం పంపే రాడార్ అల పొడవు దాదాపు 5.6 సెంటీమీటర్లు. భూకంపానికి ముందోసారి, తర్వాతోసారి తీసిన చిత్రాలను ఒకదాని మీద ఒకటి పెట్టి తేడా తీస్తే, ఉపగ్రహం చూసే దిక్కులో నేల 2.8 సెంటీమీటర్లు జరిగిన ప్రతిసారీ రంగులు ఒక చుట్టు తిరుగుతాయి. అల వెళ్లి రావాలి కదా, అందుకే సగం. ఆ చుట్లు లెక్కపెట్టుకోవడమే పని. చెప్పడానికి ఇంత తేలిక. నేల మీటర్లకొద్దీ తెగి జరిగిన చోటికొచ్చేసరికి రంగులన్నీ కలగాపులగమైపోతాయి. మనకు కావాల్సింది సరిగ్గా అక్కడే!

ఇంకో చిక్కు. మా జతలో మొదటి చిత్రం రెండు భూకంపాలకీ ముందుది, రెండోది రెండింటి తర్వాతది. దేనివల్ల ఎంత జరిగిందో విడిగా తెలియదు. 6.4 వచ్చిన రోజే 178 నంబర్ రహదారి మీదికెళ్లి టేపులతో కొలిచినవాళ్ల నోట్‌బుక్కులు మాకు అక్కరకొచ్చాయి. ఆ రోడ్డు పగుళ్లను వెంటనే తారుతో పూడ్చేశారు మరి. ఆ ఒక్కరోజులో కొలిచిందే లెక్క.

ఇదంతా చేస్తుంటే దక్షిణాన ఒక సన్న గీత కనిపించింది. గార్లాక్ ఫాల్ట్ మీద, సరిగ్గా దాని దారినే. ఫాల్ట్ అంటే నేల రెండుగా తెగి, ఒక పక్క ఇంకో పక్కని ఒరుసుకుంటూ జరిగే పెద్ద పగులు. దాని మీద పెద్ద భూకంపమేదీ రాలేదు. మరి గీతెందుకు?

నేను రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. దానికో కారణముంది. అంతకుముందు చలికాలం ఇలాంటి గీతే ఒకటి చూపించి, "ఈ ఫాల్ట్ మెల్లగా జరుగుతోంది" అని గ్రూప్ మీటింగ్‌లో గట్టిగా చెప్పేశాను. తీరా చూస్తే ఫాల్ట్‌కి ఒకవైపు బోర్లు ఎడాపెడా తోడేస్తున్నారు. నీరు ఆవలికి పోకుండా ఫాల్ట్ గోడలా అడ్డుంది. ఒక పక్క నేలే కుంగుతోంది. ఆ పరువు తక్కువ నాకింకా గుర్తుంది.

అందుకే ఈసారి అన్నీ సరిచూసుకున్నా. వేరే తేదీల జతలోనూ గీత అలాగే ఉంది, కాబట్టి గాల్లో నీటి ఆవిరి చేసిన మాయ కాదు. ఉపగ్రహం ఒక దారిలో తూర్పుకి, ఇంకో దారిలో పడమరకి చూస్తుంది. నేల కుంగితే రెండిట్లోనూ ఒకటే గుర్తు రావాలి. ఇక్కడ ఒకదాంట్లో ప్లస్, ఇంకోదాంట్లో మైనస్. అంటే పక్కకే జరిగింది. పొరుగున ఇంకో ఫాల్ట్ తెగితే, గార్లాక్ చప్పుడు చేయకుండా ఓ రెండు సెంటీమీటర్లు జారిందన్నమాట.

మా గైడ్ బొమ్మ చూసి ఒకటే మాటన్నారు: వెళ్లి చూసి రా.

మధ్యాహ్నం రెండు గంటలు ఆ ఎండలో తిరిగితే ఏమీ లేదు. సాయంత్రం పొద్దు వాలి, రాళ్ల నీడలు సాగాక పగుళ్లు కనిపించాయి. నేనప్పటికే రెండుసార్లు వాటి మీద నుంచే నడిచివెళ్లాను! జానెడు పొడవు, వెంట్రుకలంత సన్నం. ఒక పగులు అయిపోయిన చోట తర్వాతిది కాస్త కుడికి జరిగి మొదలవుతోంది. ఫాల్ట్‌కి అవతలివైపు ఎడమకు జరిగితే పగుళ్లు ఇలాగే పడతాయి. గార్లాక్ జరిగేదీ అటే. ఒక్కటి మాత్రం కాస్త వెడల్పుంది, కారు తాళంచెవి కొన దూరింది. అంచులు కలిపి చూస్తూ కొలుచుకుంటూ పోయాను. అన్నీ కూడినా రాడార్ చెప్పినదాంట్లో సగం కూడా రాలేదు. నాకది తప్పుగా అనిపించలేదు. అంత వదులు ఇసుకలో జరుగుడంతా ఒక్క గీత మీదే తేలదు, కొంత అటూ ఇటూ పరుచుకుపోతుంది.

డిసెంబరులో మళ్లీ వెళ్లాను. జీపీఎస్ అదే చోట నిలబెట్టింది. గాలికి అంతా చదునైపోయింది. ఫొటోలో మాత్రం పగుల్లో నా తాళంచెవి ఉంది. పక్కన స్కేలు పెట్టకుండా తీశానని గైడ్ ఇప్పటికీ దెప్పుతుంటారు.