మా బుడ్డోడు, పిల్లి తోక
మా వాడికి ఏడాదిన్నర. హనుమకొండలో మా ఇంట్లో వాడికంటే ముందు నుంచీ ఉన్నది పిల్లే, కానీ ఆ సంగతి వాడికేం తెలుసు, కనపడితే చాలు తోక పట్టి గుంజుడే. తోక అంటే వెన్నెముక కొనసాగింపు, గట్టిగా లాగితే నరాలు దెబ్బతిని మూత్రం మీద అదుపు కూడా పోవచ్చు, అందుకే నాకు టెన్షన్.

"వద్దు" అని అరిస్తే వాడికి అదో ఆటైంది. ఇప్పుడు వాడి చెయ్యి నా చేతిలో పట్టుకుని, వేళ్లు చాపించి, మెడ నుంచి వీపు దాకా వెంట్రుకలు పోయే దిక్కునే "మెల్లగా బిడ్డా, మెల్లగా" అంటూ నిమిరిస్తున్నా. రెండు నిమిషాలు, అంతే. అది చెవులు వెనక్కి వాల్చినా, తోక టపటపా కొట్టినా వాణ్ని ఎత్తుకుని పక్కకు వచ్చేస్తా. తినేటప్పుడు, పడుకున్నప్పుడు అసలే ముట్టనివ్వను. దానికీ పారిపోయే చోటు కావాలి కదా, బీరువా మీద పాత దుప్పటి వేశాం.

పోయిన నెల ఒకసారి గీరింది (తప్పు మా వాడిదే). సబ్బు పెట్టి ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించాం. మా అత్తమ్మ పసుపు అద్దుతానంటే ఆపడానికే ఎక్కువ కష్టమైంది.

నిన్న వాడు నా చెంప నిమురుతూ "మెల్ల, మెల్ల" అన్నాడు. పిల్లి దగ్గరికి పోతే మాత్రం చెయ్యి ఇంకా తోక దిక్కే పోతుంది.