గూడెం దాకా ఫైబర్ లైను: మా పంచాయతీలో నా అనుభవం

ఘాట్ రోడ్డు ఎక్కి పాడేరు దాటి మరికొంత లోపలికి వెళ్తే వచ్చే ఒక కొండ పంచాయతీలో, ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. మా పంచాయతీ కార్యాలయం గోడకు ఇంటర్నెట్ పెట్టె బిగించి చాలా ఏళ్లయింది. కాగితాల మీద మా పంచాయతీ ఫైబర్ (కాంతి రూపంలో ఇంటర్నెట్‌ను మోసుకొచ్చే గాజు తీగ) చేరిన పంచాయతీయే అయినా, ఆ పెట్టె మీద సిగ్నల్ లేదని చెప్పే ఎర్ర దీపం తప్ప మరొకటి వెలిగిన రోజులు ఊళ్లో ఎవరికీ సరిగా గుర్తు లేవు. దాన్ని పనిచేయించి, అక్కడి నుంచి బడికి, ఆరోగ్య ఉపకేంద్రానికి, రెండు గూడేలకు లైను తెచ్చుకోవడానికి మేము ఏయే దారుల్లో వెళ్లామో, వాటిలో ఏది పనికి వచ్చిందో, ఇలాంటి ఊళ్లలో ఉన్నవారికి ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో రాస్తున్నాను.

ఇంటర్నెట్ లేకపోతే కొండ ఊళ్లో ఏమవుతుందో మైదాన ప్రాంతం వారికి వివరంగా చెప్పవలసి ఉంటుంది. ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరును ఫొటోలతో సహా మొబైల్ యాప్‌లోనే నమోదు చేయాలన్న నిబంధన 2023 జనవరి 1 నుంచి అన్ని పనిచోట్లకూ వర్తింపజేశారు. మా మేట్లు, అంటే పనిచోట కూలీల పని చూసుకునేవారు, ఆ ఫొటోలు పంపడానికి సిగ్నల్ దొరికే కొండ అంచుకు ఎక్కి దిగేవారు. ఫొటో వెళ్లని రోజు చేసిన పనికి కూలి రాదేమోనని అందరూ భయపడేవారు. ఈ-సంజీవని ద్వారా పట్నంలోని వైద్యుడితో మాట్లాడించే ఏర్పాటు ఉపకేంద్రంలో ఉన్నా, రోగి ముఖం తెర మీద నిలిచేలోపే కాల్ తెగిపోయేది. పదో తరగతి పాసైన పిల్లలు ప్రవేశాల దరఖాస్తు కోసం జీపెక్కి మండల కేంద్రానికి వెళ్తే ఆ రోజు కూలి, ప్రయాణ ఖర్చు రెండూ పోయేవి. 2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు, అంటే దాదాపు నాలుగింతలకు పెంచింది. మాకు ఆ పాత కనీసం కూడా నిలకడగా అందేది కాదు.

పంచాయతీలన్నింటికీ ఫైబర్ వేయాలన్న నిర్ణయం 2011 అక్టోబరు నాటిది. జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పేరుతో మొదలైన ఆ పథకాన్ని 2015 నుంచి భారత్‌నెట్ అంటున్నారు. ప్రయోగాత్మకంగా ముందుగా ఎంచుకున్న మూడు బ్లాకుల్లో అప్పటి మా విశాఖ జిల్లాలోని పరవాడ కూడా ఒకటి. టెలికాం కంపెనీల ఆదాయం నుంచి వసూలు చేసే సుంకంతో ఏర్పడిన సార్వత్రిక సేవా నిధి దీనికి డబ్బు సమకూర్చింది; 2023 టెలికాం చట్టంతో ఆ నిధి డిజిటల్ భారత్ నిధిగా మారింది. అయితే మొదటి దశ లక్ష్యం పంచాయతీ కార్యాలయం వరకే ఉన్నది. మాలాంటి చోట పంచాయతీ అంటే ఒక ఊరు కాదు, కొండల మధ్య విడివిడిగా ఉన్న అనేక గూడేలు. కార్యాలయం దాకా వచ్చిన తీగ గూడెంలోని ఇంటికి ఎలా వెళ్లాలో, మధ్యలో తెగితే ఎవరు అతకాలో చెప్పే మనిషి మాకు ఎక్కడా కనిపించలేదు.

మొదట అందరూ చేసే పనే మేమూ చేశాము: ఫిర్యాదు కేంద్రానికి ఫోన్ చేశాము. అక్కడ మొదటి ప్రశ్న కనెక్షన్ నంబరు ఎంత అని. టెలికాం వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కారానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో చేసిన నిబంధనలు మంచివే. ఫిర్యాదుకు డాకెట్ నంబరు (ఫిర్యాదు గుర్తింపు సంఖ్య) ఇవ్వాలి, పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, ఆ అప్పీలును 39 రోజుల్లో తేల్చాలి. కానీ అవన్నీ వినియోగదారులకు. సేవ మొదలే కాని ఊళ్లో చందాదారుడు ఉండడు, చందాదారుడు లేనిచోట ఫిర్యాదు పుట్టదు, ఫిర్యాదు లేని ఊరు లెక్కల్లో సమస్య లేని ఊరిగానే ఉండిపోతుంది. ఈ సంగతి అర్థమయ్యాక మా ఆలోచన మారింది. వినియోగదారుడిగా అడగడం కుదరనప్పుడు పౌరుడిగా అడగాలి, ఒక్కడిగా కాక గ్రామసభగా అడగాలి. తర్వాత కదిలిన ప్రతి పనీ ఈ మార్పు వల్లనే కదిలిందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో పెట్టిన అర్జీ సాంకేతికంగా వీలుపడదన్న ఒక వాక్యంతో ముగిసిపోయింది. అయినా మా లైను ఏ కార్యాలయం కిందికి వస్తుందో ఆ జవాబు వల్లనే తెలిసింది. ఆ తర్వాత సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి దరఖాస్తు పంపాను. ఎందుకు పనిచేయడం లేదు అని అడిగితే అభిప్రాయం అడిగినట్టవుతుంది, దానికి జవాబు ఇవ్వవలసిన అవసరం వారికి ఉండదు. అందువల్ల రికార్డులే అడిగాను: మండల కేంద్రం నుంచి మా పంచాయతీ దాకా కేబుల్ వెళ్లిన దారి పటం, మా పెట్టె చివరిసారి పనిచేసినట్టు నమోదైన తేదీ, ఆ భాగం నిర్వహణ ఎవరికి అప్పగించారో తెలిపే ఉత్తర్వు ప్రతి. దరఖాస్తు చేరవలసిన కార్యాలయం వేరేదైతే సెక్షన్ 6(3) ప్రకారం అందుకున్నవారే అయిదు రోజుల్లో అక్కడికి బదిలీ చేయాలి. మా దరఖాస్తు అలాగే బదిలీ అయింది. పటం ప్రతి స్పష్టంగా లేకపోవడంతో, రికార్డులను స్వయంగా చూసే హక్కు ఆ చట్టంలోనే ఉన్నందున వెళ్లి అసలు పటం చూసి రాసుకున్నాను. కేబుల్ రోడ్డుకు ఏ పక్కన వెళ్తుందో, జాయింట్ల గుంటలు ఎక్కడెక్కడ ఉన్నాయో మా చేతికి రావడం అదే మొదలు.

పటం చేతిలో పెట్టుకుని అడిగేసరికి పరీక్ష చేయడానికి ఒక స్ప్లైసర్‌ను, అంటే తెగిన ఫైబర్‌ను అతికే పనివాడిని, పంపించారు. అతను తెచ్చిన ఓటీడీఆర్ పరికరం పనిచేసే తీరును తర్వాత మా తొమ్మిదో తరగతి పిల్లలకు పాఠంగా చెప్పాను. అది ఫైబర్‌లోకి క్షణకాలపు కాంతి మెరుపు (పల్స్) ఒకటి పంపి, తెగిన చోటు నుంచి అది తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది కనుక పది కిలోమీటర్ల దూరంలో తెగి ఉంటే వెళ్లి రావడానికి సెకనులో పదివేలవ వంతు పడుతుంది. పరికరం ఆ దూరాన్ని మీటర్లలోనే చూపిస్తుంది. అయితే ఆ దూరం కేబుల్ పొడవే గాని రోడ్డు పొడవు కాదు. మరమ్మతుల కోసం అక్కడక్కడ కొన్ని చుట్టలు మిగులు కేబుల్ వదులుతారు కాబట్టి తెర మీది అంకెను రోడ్డు మీద కొలిచి చూస్తే తెగిన చోటు దాటి చాలా ముందుకు వెళ్లిపోతాము. ఎక్కడెన్ని చుట్టలు వదిలారో పటంలో లేదు. మేము రోడ్డు వెంట వెతుకుతుండగా పశువులు మేపుకునే ఒక పెద్దాయన, “మేస్టారూ, వాగు మీద కొత్త కల్వర్టు కట్టినప్పుడు జేసీబీకి నల్ల తీగొకటి తగులుకుని బయటికొచ్చింది, దాన్ని మట్టి కింద కప్పేసి పోయారు” అని చెప్పి చోటు చూపించాడు. తవ్వి చూస్తే అదే. పరికరం చూపిన దూరం, ఆయన జ్ఞాపకం రెండూ కలిస్తే గాని ఆ చోటు దొరకలేదు. కొండ రోడ్ల మీద లైను వెతికే సిబ్బంది స్థానికులను వెంటబెట్టుకోవడం తప్పనిసరి చేయాలని ఆ రోజు నుంచి అడిగినచోటల్లా చెబుతున్నాను.

తెగిన చోటు తెలిశాక ఖర్చు ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. రోడ్డు పని చేసినవారు కేబుల్ ఉన్నట్టు తమకు ఎవరూ చెప్పలేదన్నారు. కేబుల్ వారేమో, అక్కడ తవ్వుతున్నట్టు తమకు ఎవరూ చెప్పలేదన్నారు. ఈ సమస్య కోసమే తవ్వేవారికీ భూగర్భ ఆస్తుల యజమానులకూ మధ్య సమాచారం అందించే ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌ను 2023 మార్చిలో ప్రారంభించారు, కానీ మా కల్వర్టు అంతకు ముందే కట్టినది. ఇక్కడ గ్రామసభ తీర్మానం పనికి వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు 1996 నాటి పెసా చట్టం ప్రత్యేకమైన బలం ఇచ్చింది. సర్పంచి అధ్యక్షతన చేసిన తీర్మానాన్ని, పటాన్ని, తెగిన చోటు ఫొటోలను జతచేసి వారం వారం జరిగే ఫిర్యాదుల దినాన ఉన్నతాధికారికి ఇచ్చాము. ఇరు పక్షాల వారు ఒకేసారి వచ్చి ఉమ్మడిగా తనిఖీ చేయాలన్నదే మా ఏకైక కోరిక. ఆ తనిఖీ జరిగిన తర్వాత వాదన ముగిసి పని మొదలైంది. వానల్లో మాత్రం పని సాగదు. వెంట్రుక మందాన ఉండే గాజు పోగులను కరిగించి అతికేటప్పుడు తేమ, దుమ్ము ఉంటే జాయింటు పాడవుతుంది. పొగమంచు విడిచాక అతికారు, పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది.

గూడేల వరకు లైను వేయడం వేరే పని. మొదటి గూడేనికి కరెంటు స్తంభాలు ఉన్నందున వాటి మీదుగా తీగ లాగడానికి విద్యుత్ సంస్థ అనుమతి చాలింది. రెండో గూడేనికి దారి రిజర్వు అడవిలో నుంచి వెళ్తుంది, కొంత మేర కొత్త స్తంభాలు పాతాలి. అటవీ భూమి అనగానే ఫైలు కేంద్రం దాకా పోవాలేమోనని అందరూ చేతులెత్తేశారు. అటవీ హక్కుల చట్టం 2006లోని సెక్షన్ 3(2) ఇక్కడ దారి చూపింది. బడి, అంగన్‌వాడీ, తాగునీటి పైపులు వంటి సౌకర్యాలతో పాటు విద్యుత్, టెలికాం లైన్ల కోసం కూడా ఒక్కోదానికి ఒక హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, గ్రామసభ సిఫారసు మీద ఇవ్వవచ్చునని అందులో ఉన్నది. గ్రామసభలో సగానికి తగ్గకుండా సభ్యులు హాజరై తీర్మానం చేయాలి. ఫారం-ఎ నింపి అటవీ రేంజి అధికారికి ఇస్తే ఆయన స్థలం చూసి నివేదిక పంపుతారు, డివిజనల్ అటవీ అధికారి అనుమతిస్తారు. మా లైనుకు ఒక్క చెట్టు కూడా కొట్టనవసరం లేకుండా కాలిబాట వెంటే స్తంభాలు గుర్తించడం వల్ల అభ్యంతరం రాలేదు. ఈ నిబంధన గురించి ఏజెన్సీలోని ప్రతి పంచాయతీకీ తెలియాలి.

అనుమతులన్నీ ఉన్నా కనెక్షన్లు ఇచ్చి చూసుకునే మనిషి లేకపోతే లైను మళ్లీ మూలపడుతుంది. మండల కేంద్రంలోని కేబుల్ ఆపరేటరును అడిగితే, పది పన్నెండు ఇళ్ల కోసం కొండెక్కి రావడం గిట్టుబాటు కాదన్నాడు. అతని మాటలో న్యాయం ఉన్నది. అందువల్ల సంత రోజున బల్ల వేసుకుని కూర్చుని, కనెక్షన్ కావాలనుకునే వారి పేర్లు రాయించాము. నెల నెలా కట్టే పద్ధతి మా వారికి కుదరదు; ఇక్కడ చేతిలో డబ్బు ఆడేది కాఫీ, మిరియాల సొమ్ము వచ్చినప్పుడు. ఆరు నెలలకు ఒకసారి కట్టే పద్ధతికి ఆపరేటరు ఒప్పుకున్నాక నలభైకి పైగా ఇళ్లు ముందుకు వచ్చాయి. ఇంటికి కనెక్షన్ పెట్టుకోలేని వారి కోసం గూడెంలోని కిరాణా దుకాణంలో కేంద్రం వారి ప్రజా వైఫై పథకం పీఎం-వాణి కింద వైఫై పెట్టించాము. 2020 డిసెంబరులో ఆమోదించిన ఆ పథకం కింద చిన్న దుకాణదారు కూడా లైసెన్సు లేకుండా, రిజిస్ట్రేషన్ రుసుము లేకుండా వైఫై అమ్మవచ్చు. అలాంటి దుకాణాలకు 200 ఎంబీపీఎస్ వరకు ఉన్న ప్లాన్లను ఇళ్లకు ఇచ్చే ధరకు రెండింతలు మించి అమ్మకూడదని 2025లో ట్రాయ్ నిర్ణయించింది. వ్యాపార కనెక్షన్ ధర కట్టాలన్న మాట ఎవరైనా చెబితే ఈ ఉత్తర్వు చూపించవచ్చు.

కనెక్షన్ తీసుకునేవారు బిగించే రోజునే రెండు విషయాలు పట్టించుకోవాలి. ఇంటి పెట్టె దగ్గర వెలుతురు బలం ఎంత ఉన్నదో కొలిపించి కాగితం మీద రాయించుకోవాలి. మైనస్ 27 డీబీఎం (వెలుతురు బలాన్ని కొలిచే ప్రమాణం) దగ్గరికి వెళ్తే లైను తెగుతూ వస్తూ ఉంటుంది, మైనస్ 20కి అటూ ఇటూగా ఉంటే నిశ్చింత. వెలుతురును ఎనిమిది దారులుగా చీల్చే స్ప్లిట్టర్ ఒక్కటే దాదాపు పది డెసిబెళ్లు తినేస్తుంది కనుక, ముందు చూపు లేకుండా ఒకదాని వెనుక ఒకటి పెట్టుకుంటూ పోతే చివరి ఇంటికి ఏమీ మిగలదు. రెండోది కరెంటు. గాలివానకు కరెంటు పోయినప్పుడు ఫైబర్ బాగానే ఉన్నా పెట్టె ఆగిపోతుంది. రూటరుకు సరిపోయే చిన్న బ్యాటరీ పెట్టుకున్నాక ఉపకేంద్రంలో వైద్యుడితో కాల్ మధ్యలో ఆగడం తగ్గింది.

బడిలో ఇప్పుడు 100 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉన్నది. మేట్లు ఫొటోల కోసం కొండెక్కడం లేదు. లైను తెగితే వచ్చి అతికేందుకు గూడెం కుర్రాళ్లు ఇద్దరు స్ప్లైసింగ్ నేర్చుకుని ఆపరేటరు దగ్గర పనిలో చేరారు. మా ఏర్పాటులో నాకు అన్నిటికంటే ధైర్యమిచ్చేది ఇదే. వాగు అవతలి మూడో గూడేనికి మాత్రం ఇంకా లైను లేదు. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ కార్యక్రమంలో పంచాయతీలను వలయంగా కలపాలని, పదేళ్ల నిర్వహణ కూడా గుత్తేదారు బాధ్యతే కావాలని, పంచాయతీ కేంద్రం కాని సుమారు 3.8 లక్షల గ్రామాలకు అడిగిన మీదట కనెక్షన్ ఇవ్వాలని ఉన్నది. వలయంగా కలిపితే ఒక వైపు తెగినా రెండో వైపు నుంచి సేవ అందుతుంది. అడిగిన మీదట అన్నారు కనుక మేము అడిగాము. మూడో గూడెం గ్రామసభ తీర్మానాన్ని, అక్కడి ఇళ్ల జాబితాను, స్తంభాలు పాతగల చోట్లు గుర్తించిన పటాన్ని జతచేసి దరఖాస్తు ఇచ్చి, రసీదు పంచాయతీ దస్త్రంలో పెట్టాము. అటవీ రేంజి అధికారి స్థల పరిశీలనకు వచ్చే రోజున దారి చూపించడానికి ఆ గూడెం పెద్దలతో పాటు నేనూ వెళ్తున్నాను.