పాపను డేకేర్‌లో వేసేటప్పుడు నేను ఏం అడగాల్సిందంటే

మా పాపకు తొమ్మిదో నెల నడుస్తుండగా డేకేర్‌లో వేశాం. 26 వారాల ప్రసూతి సెలవు అయిపోయాక మా అత్తమ్మ ఖమ్మం నుంచి వచ్చి మూడు నెలలు చూసుకుంది. తర్వాత మామయ్యకు కంటి ఆపరేషన్ పడింది, ఆమె వెళ్లక తప్పలేదు. మా చేతిలో పది రోజులే ఉన్నాయి.

మొదట చేర్పించిన చోటు మా అపార్ట్‌మెంటుకు రెండు వీధుల అవతల. గోడల నిండా బొమ్మలు, మెత్తటి పరుపులు, సీసీ కెమెరాలు. కాగితం మీద ప్రశ్నలు రాసుకునే వెళ్లాను. పాలు వేడి చేసి ఇస్తారా? ఇస్తాం మేడం. డైపర్ తడిస్తే మారుస్తారా? మారుస్తాం. ఏడిస్తే ఎత్తుకుంటారా? అయ్యో, ఎత్తుకోమా! అన్నిటికీ జవాబు అలా వస్తుంటే నాకు ధైర్యం వచ్చింది. ఆ ప్రశ్నలకు కాదని ఎవరంటారన్న సంగతి అప్పుడు తట్టలేదు.

సాయంత్రం పాపతో పాటు చిన్న నోటుబుక్ ఇచ్చేవాళ్లు. "పాలు పూర్తిగా తాగింది. పప్పన్నం పూర్తిగా తిన్నది. 1 నుంచి 3 వరకు నిద్ర." మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. ఇంట్లో ఏ పూటా గిన్నె ఖాళీ చేయని పిల్ల ఇక్కడెలా తింటోందా అనుకున్నానే గానీ, నమ్మాలనిపించి నమ్మాను. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు చెప్పకుండా వెళ్లాను. పాప బరువెక్కిన డైపర్‌తో ఓ మూల కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. బల్ల మీద నోటుబుక్ తెరిచే ఉంది. ఆ రోజు పేజీలో నాలుగు గంటల పాలు కూడా తాగేసినట్టు రాసి ఉంది.

గొడవ పెట్టుకునే ఓపిక లేక పాపను ఎత్తుకుని వచ్చేశాను. ఆ రాత్రి అది నా కొంగు వదల్లేదు.

రెండో చోటికి వెళ్లే ముందు పాత కాగితం చింపేశాను. ఈసారి రోజును గంటగంటకూ ఊహించుకుని అడిగాను. ఆయమ్మ అన్నానికి వెళ్తే పాప ఎవరి చేతిలో ఉంటుంది? ఎంతసేపు ఏడుపు ఆపకపోతే నాకు ఫోన్ చేస్తారు? సీసాలో మిగిలిన పాలు ఏం చేస్తారు? ఈమధ్య ఇక్కడ ఏ పిల్లకైనా దెబ్బ తగిలిందా, అప్పుడేం చేశారు? ఆ చివరి ప్రశ్నకు నడిపే ఆవిడ కాసేపు ఆగి, "పోయిన వారం ఒక బాబు ఇంకో బాబు చెయ్యి కొరికాడు. పంటి గాట్లు పడ్డాయి. ఇద్దరి ఇళ్లకూ అప్పుడే ఫోన్ చేశాం" అన్నారు. ఆ మాటతోనే చేర్పించాలని నిర్ణయించుకున్నాను. అక్కడ నలుగురు పసిపిల్లలకు ఒక ఆయమ్మ. ఆమె భోజనం చేసే అరగంట నడిపే ఆవిడే వచ్చి కూర్చుంటారు.

అసలు కష్టం నిద్ర దగ్గర వచ్చింది. మా పాప పుట్టినప్పటి నుంచీ చీర ఉయ్యాలలో పడుకున్న పిల్ల. అత్తమ్మ ఊపుతూ జోల పాడితే తప్ప కన్ను మూసేది కాదు. డేకేర్‌లో ఉయ్యాల ఉండదు. గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెడతారు, ఏడాది నిండని పిల్లలకు తలగడ, దుప్పటి వేయరు. ఊపిరికి అడ్డం పడే ప్రమాదం ఉంటుందని మా పిల్లల డాక్టరు కూడా అదే చెప్పారు. మొదటి వారం పాప అక్కడ సరిగ్గా నిద్రే పోలేదు. ఆయమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఇంట్ల ఉయ్యాల బంద్ చెయ్యమ్మా. రెండు తీర్లుంటే పిల్లకు సమజ్ గాదు" అంది. శని, ఆదివారాలు చాప మీదే పక్కన పడుకుని వీపు తట్టాను. అత్తమ్మకు ఫోన్‌లో చెబితే చాలాసేపు మాట్లాడలేదు. పదకొండో రోజుకు పాప అక్కడ గంట పడుకుంది.

చేతి నల్లపూసల దగ్గరా ఇలాగే అయింది. దారం తెగితే పూస నోట్లోకి పోతుంది, తీసి పంపండన్నారు. దిష్టి తగులుతుందని అత్తమ్మ బాధపడింది. పొద్దున తీసి, సాయంత్రం మళ్లీ కట్టడానికి ఒప్పుకుంది. అరికాలి దిష్టిచుక్కకు మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు.

పాలు నేను పంపుతో తీసి ఇచ్చేదాన్ని. 25 డిగ్రీలు దాటని గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. హైదరాబాద్ ఏప్రిల్‌లో ఆ గది ఎక్కడ దొరుకుతుంది? ఐసు ప్యాకుల సంచిలో పెట్టి, సీసా మీద తేదీ, టైము రాసి పంపాను. పాప నోరు పెట్టిన సీసాలో మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయాల్సిందే. అంత కష్టపడి తీసినవి అలా పోతుంటే ప్రాణం ఉసూరుమనేది. పెద్ద సీసా ఒకటి కాకుండా 60 మిల్లీలీటర్ల చొప్పున చిన్నవి మూడు పంపమని ఆయమ్మే చెప్పింది. ఆ తర్వాత వృథా అయ్యేవి చాలా తగ్గాయి.

ఉద్యోగం చేసే తల్లులు ఒకటి తప్పక తెలుసుకోవాలి. చట్టం ప్రకారం 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ క్రెష్ వసతి, అంటే తల్లులు పనిలో ఉండగా పిల్లలను చూసుకునే చోటు, చూపించాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ సంగతులు రాతపూర్వకంగా చెప్పాలని 2017లో సవరించిన ప్రసూతి చట్టంలో ఉండేది. మా ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. నేను చదివి అడిగాకే హెచ్ఆర్ వాళ్లు కాగితాలు కదిలించారు.

జ్వరం 100.4 దాటితే ఫోన్ వస్తుంది. మందు వేయకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే మళ్లీ తీసుకురావాలి. మొదటి రెండు నెలల్లో మూడుసార్లు జలుబు చేసింది, సెలవులన్నీ అటే పోయాయి. డాక్టరు చీటీ నకలు, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్నింటికి అన్నది మన సంతకంతో ఇవ్వకపోతే మందు వేయరు. ఓ సాయంత్రం నాకు ఆలస్యమై మా మరిదిని పంపితే, రిజిస్టరులో ఆయన పేరు లేదని పాపను ఇవ్వలేదు. ఆయనకు కోపం వచ్చింది. నాకైతే ఆ సెంటరు మీద గౌరవం పెరిగింది.

ఇక్కడి నోటుబుక్ మొదటి పేజీ ఇంకా దాచుకున్నాను. "పప్పన్నం 3 చెంచాలు. ఉమ్మేసింది. 12.40కి నిద్ర, 1.05కే లేచింది. తలుపు వైపు చూసి ఏడ్చింది." చదివితే కడుపులో దేవినట్టైంది. అయినా అందులో కనబడింది నా పిల్లే. నెల తర్వాత ఓ రోజు ఇలా రాశారు: "మీరు పంపిన ఉగ్గు ముట్టలేదు. పక్క బాబు గిన్నెలో ఇడ్లీ అడిగి తిన్నది, ఒకటిన్నర." ఆ రాత్రే పప్పు నానబోశాను.